గన్నేరు కాదు, బిళ్ళగన్నేరు

బడి తెరిచిన రెండో వారంలో ఏడో తరగతి పిల్లవాడొకడు పాలిథిన్ సంచిలో గుప్పెడు ఆకులు పట్టుకొచ్చాడు. వాళ్ళ మామ్మ విజయనగరం నుంచి బిలాస్‌పూర్ వచ్చింది. ఆవిడకు చక్కెర జబ్బు. గన్నేరాకు రోజూ పొద్దున్నే నమిలితే చక్కెర దిగుతుందని ఎవరో ఫోన్లో పంపిన వీడియోలో విన్నదట. మనవణ్ణి తెమ్మంది. వాడు రైల్వే క్వార్టర్ల వెనక కంచె పొడుగునా ఉన్న పసుపుపూల చెట్టు నుంచి తెంపాడు. ఇంటికి తీసుకుపోయేముందు మాకు చూపించాడు, అదీ అదృష్టం.

"ఇక్కడ దీన్ని కనేర్ అంటారు టీచర్. కనేర్ అంటే గన్నేరే కదా?" అన్నాడు.

కనేర్ అంటే గన్నేరే. అనువాదం సరిగ్గా చేశాడు. ఆకే తప్పు. వీడియోలో చెప్పినది బిళ్ళగన్నేరు గురించి. వాడి సంచిలో ఉన్నది పచ్చగన్నేరు. మామ్మగారు వాటిని నమిలి ఉంటే చక్కెర సంగతి అలా ఉంచి, ఆ సాయంత్రానికి ఆస్పత్రిలో ఉండేవారు.

ఆ రోజు వ్యాకరణం పాఠం పక్కన పెట్టాం. ఆ వారమంతా మా తెలుగు తరగతిలో మాట్లాడుకున్న విషయాలే ఈ వ్యాసం. మీలో చాలామంది రెండు మూడేళ్ళకోసారి ఊరు మారేవాళ్ళు. ఊరు మారితే చెట్టు మారదు, దాని పేరు మారుతుంది. అందుకని ఇది మిగతా పిల్లల కంటే మీకే ఎక్కువ అవసరమని మాకు అనిపించింది.

ముందు ఆ మూడు గన్నేర్లను విడదీద్దాం. మొదటిది మామూలు గన్నేరు. మనిషెత్తు దాటి పెరుగుతుంది, ఎర్రగానో గులాబీరంగుగానో తెల్లగానో గుత్తులుగా పూస్తుంది. ఆకులు సన్నగా బల్లెం మొనల్లా ఉంటాయి, సాధారణంగా ఒక్కో కణుపు దగ్గర మూడేసి వస్తాయి. వినాయక చవితికి ఇరవై ఒక్క పత్రిలో కరవీరపత్రం అని చదివేది దీన్నే. అంటే మన పెద్దలు దీన్ని దేవుడి ముందు పెట్టారు గాని విస్తట్లో పెట్టలేదు. రెండోది పచ్చగన్నేరు. పసుపురంగు గంటల్లాంటి పూలు, ఇంకా సన్నని ఆకులు, తెంపితే తెల్లని పాలు. (తెలుగులో పచ్చ అంటే పసుపూ అవుతుంది, ఆకుపచ్చా అవుతుంది. ఇక్కడ పసుపే. మా తరగతిలో సగం మంది దీన్ని ఆకుపచ్చ గన్నేరు అనుకున్నారు.) మూడోది బిళ్ళగన్నేరు. మోకాలి ఎత్తు మొక్క. గుండ్రటి కొసలున్న దళసరి ఆకు, మధ్యన తెల్లటి ఈనె. అయిదు రేకులు చదునుగా విచ్చుకుంటాయి. గులాబీ రంగుది గాని తెల్లది గాని, నడిమధ్య ఒక ముదురు చుక్క. రూపాయి బిళ్ళలా పరుచుకున్న పువ్వు కాబట్టి ఆ పేరు వచ్చి ఉంటుందని మా ఊహ.

మూడూ ఒకే కుటుంబం. వృక్షశాస్త్రంలో అపోసైనేసీ అంటారు. కాని కడుపులో దాచుకున్న పదార్థాలు వేరు. గన్నేరులో ఓలియాండ్రిన్, పచ్చగన్నేరులో థెవెటిన్ ఉంటాయి. ఇవి కార్డియాక్ గ్లైకోసైడ్లు అనే జాతివి. గుండె కండరంలో ప్రతి కణానికీ సోడియంను బయటికి తోసే ఒక పంపు ఉంటుంది. ఈ పదార్థాలు దాన్ని పట్టి ఆపేస్తాయి, గుండె లయ తప్పుతుంది. ఇదే జాతికి చెందిన డిగాక్సిన్ అనే పదార్థాన్ని మైక్రోగ్రాముల్లో తూచి గుండె జబ్బుకు మందుగా ఇస్తారు. అది డిజిటాలిస్ అనే మొక్క నుంచి వచ్చింది. ఇంగ్లండులో విలియం వితరింగ్ అనే వైద్యుడు 1785లో ఆ మొక్క గురించి పుస్తకం రాశాడు. అదే రకం పదార్థం, తూచితే మందు, గుప్పెడు నమిలితే విషం. మామ్మగారి ఆకుకు తూకం లేదు.

బిళ్ళగన్నేరు సంగతికి వచ్చేముందు ఒక మాట. మొక్కలో ఈ పదార్థాలు ఎందుకున్నాయి? మన కోసం కాదు. పాదు కదలలేదు. పురుగు వస్తే పరుగెత్తలేదు, ఆవు వస్తే అరవలేదు. అందుకని చేదు, ఘాటు, విషం తయారు చేసుకుంటుంది. ఆల్కలాయిడ్లు, గ్లైకోసైడ్లు, టర్పీన్లు, టానిన్లు అని రసాయనశాస్త్రం పేర్లు పెట్టినవి చాలావరకు ఇలాంటి రక్షణ సామగ్రే. పురుగు కణంలో పనిచేసే పదార్థం మన కణంలోనూ పనిచేస్తుంది, ఎందుకంటే కణాల్లోని యంత్రాలు చాలావరకు ఒకటే. మందూ అక్కడే పుట్టింది, విషమూ అక్కడే పుట్టింది.

వీటిని మొక్కలోంచి బయటికి తీయడాన్ని సారం తీయడం అంటాం. ఇది మీ వంటింట్లో రోజూ జరుగుతుంది. కాఫీ డికాక్షన్ ఒక సారం. మరిగిన నీళ్ళు కాఫీ పొడిలోంచి కెఫీన్‌ను, రంగును, చేదును లాక్కుంటాయి, పిప్పి మిగులుతుంది. ఇక్కడ నీరు ద్రావణి. కాని నీళ్ళలో అన్నీ కరగవు. చేతికి అంటిన పసుపు నీళ్ళతో ఎంత కడిగినా పోదు. కొంచెం కొబ్బరినూనె రాసి తుడవండి, పోతుంది. పసుపులోని కర్క్యుమిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో, ఆల్కహాలులో కరుగుతుంది. కనుక పసుపు నీళ్ళలో కాచిన సారమూ, ఆల్కహాలులో నానబెట్టిన సారమూ ఒకటి కాదు. మొక్క ఒకటే, సీసాలో ఉన్నది వేరు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని పెళ్ళిళ్ళలో చూసే ఉంటారు. అదీ కర్క్యుమిన్ పనే, క్షారం తగిలితే రంగు మారుతుంది.

బుధవారీ బజారుకు వెళ్తే ఎండిన కాడల కట్టలు అమ్మేవాళ్ళు కనిపిస్తారు. వాళ్ళు భుయినీమ్ అంటారు. మనం నేలవేము అంటాం. తమిళులు నిలవేంబు. మూడు భాషల్లోనూ అర్థం ఒక్కటే, నేల మీది వేప. ఎవరు ఎవరి దగ్గర విన్నారో గాని, ఒక్క చేదు నోటికి తగలగానే అందరికీ వేపే గుర్తొచ్చింది. శాస్త్రీయ నామం ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా. దీన్నే కొందరు చిరాయతా పేరుతోనూ అమ్ముతారు, అసలు చిరాయతా హిమాలయాల్లో పెరిగే మరో మొక్క. మళ్ళీ పేరు దగ్గరే తిరకాసు.

నేలవేములో ఆ చేదుకు ముఖ్య కారణం ఆండ్రోగ్రాఫోలైడ్. 1911లో గోర్టర్ అనే శాస్త్రవేత్త దీన్ని స్ఫటికాల రూపంలో వేరుచేశాడు. అణు ఫార్ములా సి20 హెచ్30 ఓ5. ఇది చల్లటి నీళ్ళలో దాదాపు కరగదు, మరిగే నీళ్ళలో కొంచెం, ఆల్కహాలులో బాగా కరుగుతుంది. మీ ఇంట్లో కాచే కషాయంలో అది కొంచెమే దిగుతుంది, నీళ్ళలో తేలిగ్గా కరిగే ఇతర పదార్థాలు ఎక్కువగా దిగుతాయి. కంపెనీవాళ్ళు ఆల్కహాలుతో తీసి మాత్రలో పెట్టిన సారంలో అదే ఎక్కువ ఉంటుంది. "నేలవేము పనిచేస్తుందా?" అని అడిగితే మేము ముందు "ఏ నేలవేము? కషాయమా, మాత్రా? ఎంత?" అని ఎదురు అడుగుతాం. పిల్లలకు ఇది మొదట్లో తప్పించుకునే జవాబులా అనిపించింది.

వేడి సంగతీ ఉంది. వినాయక చవితి పత్రిలో మాచిపత్రి ఉంటుంది కదా, దాని దగ్గరి చుట్టం ఒకటి చైనాలో పెరుగుతుంది. పేరు ఆర్టిమీసియా ఆన్యువా. మలేరియాకు మందు వెతుకుతూ టు యూయూ అనే శాస్త్రవేత్త ఆ మొక్క సారాన్ని పరీక్షించింది. ఒకసారి పనిచేస్తుంది, ఒకసారి చేయదు. నాలుగో శతాబ్దంలో గె హాంగ్ రాసిన పాత వైద్యగ్రంథంలో ఆ మొక్కను నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమని ఉంది, కాచమని లేదు. అప్పుడు ఆమెకు అనుమానం వచ్చింది, కాచితే అసలు పదార్థం చెడిపోతోందేమోనని. నీళ్ళు మానేసి 35 డిగ్రీల దగ్గరే మరిగే ఈథర్‌తో 1971లో సారం తీసింది. అది పనిచేసింది. ఆ ఆర్టిమిసినిన్‌కే 2015లో ఆమెకు నోబెల్ బహుమతి వచ్చింది. పాత పుస్తకం దారి చూపింది, ప్రయోగశాల దాన్ని తేల్చింది. మన మాచిపత్రిలో ఆ మందు ఉందనుకోకండి. చుట్టమే గాని ఆ మొక్క కాదు.

ఇక బిళ్ళగన్నేరు. దీని స్వస్థలం మడగాస్కర్ దీవి. అక్కడి నుంచి ప్రపంచమంతా బదిలీ మీద వెళ్ళింది. వెళ్ళిన ప్రతి చోటా కొత్త పేరు. హిందీలో సదాబహార్, తమిళంలో నిత్యకల్యాణి, బెంగాలీలో నయనతార, మరాఠీలో సదాఫులీ. మా తరగతిలో ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన అమ్మాయి నయనతార అంది, నాగపూర్ నుంచి వచ్చిన అబ్బాయి సదాఫులీ అన్నాడు, ఇద్దరూ కిటికీలోంచి ఒకే మొక్కను చూపించారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ ఈ లైను వెంట తెలుగు కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళ క్వార్టర్ల ముందు ఈ మొక్కా ఉంది. నీళ్ళు పోయకపోయినా బతుకుతుంది, అందుకే బదిలీ మనుషుల పెరట్లోకి సరిగ్గా సరిపోయింది.

చాలా దేశాల్లో ఈ ఆకు కషాయాన్ని చక్కెర జబ్బుకు తాగేవారు. 1952లో జమైకా నుంచి కెనడాలోని క్లార్క్ నోబుల్ అనే వైద్యుడికి ఒక కవరులో 25 ఆకులు వచ్చాయి. పంపింది ఆయన దగ్గర వైద్యం చేయించుకున్న మనిషే. ఆయన వాటిని తన తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు ఇచ్చాడు. రాబర్ట్ వెస్టర్న్ ఆంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడు. సారం తీసి ఎలుకలకు నోటి ద్వారా ఇస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. ఇంజెక్షన్‌గా ఇస్తే వాటి రక్తంలో తెల్లకణాలు పడిపోయాయి, ఎలుకలు ఇన్ఫెక్షన్లతో చచ్చిపోయాయి.

వేరొకరైతే విఫలమైందని ఆకుల్ని పారేసేవారు. రాబర్ట్ వేరే ప్రశ్న అడిగాడు. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బు ఒకటుంది కదా, లుకేమియా, రక్త క్యాన్సర్. తెల్లకణాలను తగ్గించేది దానికి పనికిరాదా? ఆయన, చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్త కలిసి 1958 నాటికి ఆ పదార్థాన్ని వేరుచేశారు. అదే విన్‌బ్లాస్టిన్. ఎలై లిల్లీ కంపెనీ పరిశోధకులు అదే మొక్క నుంచి దాని తోబుట్టువు విన్‌క్రిస్టిన్‌ను పట్టుకున్నారు. 1963లో అమెరికాలో దానికి అనుమతి వచ్చింది.

రెండింటి ఫార్ములాలు నల్లబల్ల మీద రాసి చూపించాం. విన్‌బ్లాస్టిన్ సి46 హెచ్58 ఎన్4 ఓ9. విన్‌క్రిస్టిన్ సి46 హెచ్56 ఎన్4 ఓ10. అంత పెద్ద అణువులో తేడా ఒక్క చోటే, మిథైల్ గుంపు ఉన్న చోట ఫార్మైల్ గుంపు. రెండు హైడ్రోజన్లు పోయి ఒక ఆక్సిజన్ చేరింది. అంతమాత్రానికే ఏ క్యాన్సర్‌కు పనికొస్తుంది, ఏ దుష్ఫలితం ఎక్కువ అన్నవి మారిపోయాయి. ఒత్తు మారితే మాట మారినట్టే అనుకున్నాం, తెలుగు తరగతి కదా.

ఇవి పనిచేసే తీరు ఇది. కణం రెండుగా చీలేటప్పుడు లోపల సన్నని దారాలు అల్లుకుని క్రోమోజోములను రెండు వైపులకూ లాగుతాయి. ఆ దారాలు ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతాయి. బిళ్ళగన్నేరు పదార్థం ట్యుబ్యులిన్‌ను పట్టుకుని దారం అల్లనివ్వదు. చీలడం సగంలో ఆగి కణం చచ్చిపోతుంది. తొందరతొందరగా చీలేవి క్యాన్సర్ కణాలు కనుక దెబ్బ వాటికి ఎక్కువ. కాని ఒంట్లోని మంచి కణాలకూ కొంత తగులుతుంది. అందుకే అది డాక్టర్ల చేతిలో, రక్తపరీక్షల మధ్య, నరంలోకి మాత్రమే ఎక్కించే మందు.

ఆకులో అదెంతుందో తెలుసా? 1 గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండాకు కావాలి. విన్‌క్రిస్టిన్‌కైతే 2000 కిలోలు. ఈ మొక్కలో 100కు పైగా ఆల్కలాయిడ్లు ఉన్నాయి, మిగతావన్నీ వదిలించి ఈ ఒక్కదాన్ని ఏరాలి. అర టన్ను ఆకును చూసినప్పుడు ఆ గ్రాము ఎంత చిన్నదో లెక్క వేయమంటే, ఒకడు అయిదు లక్షల్లో ఒక వంతు అని వెంటనే చెప్పాడు. గణితం టీచరు వింటే సంతోషించేవారు.

ఇక్కడ మన ఊరి మనిషి ఒకరు కథలోకి వస్తారు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి, అక్కడి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1923లో అమెరికా వెళ్ళారు. శరీరంలో కొత్త కణాలు పుట్టడానికి ఒక విటమిను కావాలి, దాన్ని 1941లో అమెరికా శాస్త్రవేత్తలు నాలుగు టన్నుల పాలకూర నుంచి వేరుచేసి ఫోలిక్ ఆమ్లం అన్నారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది. ఆ తరవాత, దాని రూపాన్ని కాస్త మార్చి, కణాన్ని మోసం చేసే నకళ్ళను చేసింది. కణం అసలైనదనుకుని నకలును పట్టుకుంటుంది, చీలలేక ఆగిపోతుంది. అమినోప్టెరిన్ అనే ఆ నకలును బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా ఉన్న పిల్లలకు ఇచ్చి, కొందరిలో జబ్బు కొంతకాలం వెనక్కి తగ్గిందని 1948 జూన్‌లో ప్రకటించాడు. ఆ ఆగస్టులోనే సుబ్బారావుగారు చనిపోయారు. వాటి వరసలోనిదే మెథోట్రెక్సేట్.

ఇవాళ పిల్లల్లో ఎక్కువగా వచ్చే లుకేమియాకు ఇచ్చే మందుల కలయికలో మెథోట్రెక్సేట్ ఉంటుంది, విన్‌క్రిస్టిన్ కూడా ఉంటుంది. ఒకప్పుడు ఆ జబ్బు వచ్చిన పిల్లలు నెలల్లో పోయేవారు. ఇప్పుడు మంచి వైద్యం అందితే ఎక్కువమంది కోలుకుంటున్నారు. పాలకూరతో మొదలైనదొకటి, క్వార్టర్ల ముందు పూసేదొకటి, ఒకే పిల్లవాడి మంచం దగ్గర కలుస్తాయి.

అయితే మొక్క సారం గురించి పేపర్లో వచ్చే ప్రతి వార్తనూ ఇలాగే నమ్మవచ్చా? గాజు పళ్ళెంలో సూక్ష్మజీవిని చంపింది అని ఉంటే మేము పిల్లలను ఒకటే అడుగుతాం. బ్లీచింగ్ పౌడరూ చంపుతుంది, తాగుతామా? పళ్ళెంలో పనిచేసినది నోట్లోంచి పొట్టలోకి, పొట్టలోంచి రక్తంలోకి, కాలేయం దాటి జబ్బు ఉన్న చోటికి చేరాలి. చాలావాటి ప్రయాణం దారిలోనే ఆగిపోతుంది. కర్క్యుమిన్ అలాంటిదే, తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది చాలా తక్కువ. బెంగళూరులో 1998లో ప్రచురించిన పరిశోధనలో 2 గ్రాముల కర్క్యుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపెరిన్, అంటే మిరియంలోని ఘాటు పదార్థం, కలిపి ఇస్తే రక్తంలో చేరేది 20 రెట్లు పెరిగింది. మిరియాల పసుపుపాలు చేసిన అమ్మమ్మలకు ఈ లెక్క తెలియదు. తెలిసినా పాలల్లో వేసేది చిటికెడు పసుపే, 2 గ్రాముల శుద్ధ కర్క్యుమిన్ కాదు.

నేలవేముకూ ఇలాంటి పరీక్ష జరిగింది. జలుబు, గొంతు నొప్పి లక్షణాలను కొంత తగ్గిస్తుందని కొన్ని పరిశోధనలు చెప్పాయి. తమిళనాడులో డెంగీ రోజుల్లో నేలవేము మరో ఎనిమిది దినుసులతో కలిసిన నిలవేంబు కుడినీర్‌ను ప్రభుత్వమే పంచింది. 2020 చివర థాయ్‌లాండ్ ప్రభుత్వం తేలికపాటి కోవిడ్‌కు నేలవేము వాడకాన్ని ప్రయోగంగా అనుమతించింది. మరుసటి ఏడాది అక్కడి చిన్న పరిశోధన ఒకదాన్ని, గణాంకాల లెక్కలో పొరపాటు దొరికిందని, రాసినవాళ్ళే వెనక్కి తీసుకున్నారు. మాకు ఆ పరిశోధన కంటే వెనక్కి తీసుకోవడమే ఎక్కువ నచ్చింది. ఆ వీడియో చేసినవాళ్ళు ఎన్నడైనా అలా వెనక్కి తీసుకుంటారా? ఆస్ట్రేలియా ఔషధ నియంత్రణ సంస్థ అయితే ఈ మొక్క కొందరిలో తీవ్రమైన అలర్జీ తెస్తుందని హెచ్చరించింది. చేదుగా ఉన్నదల్లా మంచిదనే నమ్మకం మన ఇళ్ళల్లో గట్టిది, మాకూ ఉండేది.

మరి మామ్మగారి చక్కెర? బిళ్ళగన్నేరు సారం ఎలుకల్లో చక్కెర తగ్గించిందని తరవాతి ప్రయోగాలు కొన్ని చెప్పాయి. కాని ఆ ఆకులోనే తెల్లకణాలను పడగొట్టే పదార్థాలున్నాయని ఇప్పుడు మనకు తెలుసు, రోజూ ఎన్ని ఆకులు నమిలితే ఎంత లోపలికి పోతుందో ఎవరూ తూచి చెప్పలేరు. కాబట్టి సరైన బిళ్ళగన్నేరే తెచ్చి ఉన్నా మేము వద్దనేవాళ్ళం.

పిల్లవాడితో కలిసి సాయంత్రం వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాం. ఆవిడ నొచ్చుకున్నారు. "ఆ ఇంగ్లీషు బిళ్ళలు తినీ తినీ విసుగొచ్చింది బాబూ, ఆకు మందైతే ఒంటికి చలవ కదా" అన్నారు. బిళ్ళల అట్ట చూపించమన్నాం. మెట్‌ఫార్మిన్. యూరప్‌లో గాలెగా అఫిసినాలిస్ అని ఒక పశుగ్రాసం మొక్క ఉంది. అందులోని గాలెజిన్ చక్కెర తగ్గిస్తుంది గాని విషం ఎక్కువ. దాని వంటి పదార్థాల మీద పనిచేస్తూ రసాయన శాస్త్రవేత్తలు 1922లో మెట్‌ఫార్మిన్‌ను తయారు చేశారు. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ అనే వైద్యుడు దాన్ని చక్కెర రోగులకు వాడి ఫలితాలు ప్రచురించాడు. ఈ సంగతి చెబితే ఆవిడ ఆ అట్టను వెనక్కీ ముందుకూ తిప్పి చూశారు. "అయితే ఇదీ ఆకు నుంచి వచ్చిందేనా?" అన్నారు. ఆకు దారి చూపిందని, తయారైంది మాత్రం ప్రయోగశాలలోనని చెప్పాం. ఆ రాత్రి భోజనం తరవాత మాత్ర మరిచిపోకుండా వేసుకున్నారని మర్నాడు మనవడు చెప్పాడు.

బడి తోటలో ఇప్పుడు ఒక్కో మొక్క దగ్గర ఒక్కో రేకు పలక ఉంది. పిల్లలు తమకు తెలిసిన భాషల్లో పేర్లు రాశారు. బిళ్ళగన్నేరు పలక మీద తెలుగు, హిందీ, తమిళం, బెంగాలీ, మరాఠీ, నాలుగు లిపుల్లో అయిదు పేర్లు. అడుగున అందరూ ఒప్పుకున్న ఆరో పేరు, కాథరాంథస్ రోజియస్. ఆ పేరుకు బదిలీ లేదు. కంచె దగ్గరి పచ్చగన్నేరుకు మాత్రం ఎర్ర రంగు పలక. దాని మీద రాసేది ఆ పిల్లవాడే రాస్తానన్నాడు. తెలుగులో "నమలకూడదు" అని, హిందీలో అదే మాట, కింద తన పేరు, సెక్షను.